ఇల్లాలి పేరున కొంటే పన్ను పోతుందా?

సంపాదకుడి గారికి,

పోయిన ఆదివారం మీ స్థిరాస్తి పేజీలో భార్య పేరున ఫ్లాటు కొంటే పన్ను మిగులుతుందని వచ్చిన వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఆడవాళ్ల పేరున ఆస్తి ఉండాలని గట్టిగా కోరుకునేదాన్ని నేను. అందుకే ఇంత కోపం వచ్చింది.

మహిళలకు స్టాంపు డ్యూటీలో రాయితీ అని రాశారు. ఏ రాష్ట్రంలోనండీ? మహారాష్ట్రలో ఒక శాతం తగ్గింపు ఉంది, ఢిల్లీలోనూ ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎవరి పేరున రాయించినా స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం కట్టాల్సిందే. ఆడవాళ్లు కొనే ఆస్తులకు ఈ సుంకాలు తగ్గించే సంగతి చూడమని 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చామని సభల్లో చెప్పుకునే పార్టీలకు, సొంత డబ్బుతో కొనుక్కునే ఆడదానికి అర శాతం తగ్గించడానికి చేతులు రావు.

ఇక అద్దె సంగతి. భర్త డబ్బుతో భార్య పేరున ఇల్లు కొంటే, ఆ అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 27, 64 సెక్షన్లు చెప్పింది ఇదే. 2025లో కొత్త చట్టం చేసినా ఈ నిబంధన పోలేదు. నెలకు 25,000 అద్దె వస్తే ఏడాదికి 3 లక్షలు. అందులో చట్టం ఒప్పుకునే 30 శాతం మినహాయిస్తే 2.10 లక్షలు. భర్త 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 65,520 రూపాయలు పన్ను. భార్యకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను సున్నా అని మీ వ్యాసం తేల్చేసింది! రేపు ఆ ఇల్లు అమ్మితే వచ్చే లాభం కూడా భర్త లెక్కలోకే పోతుంది.

మా చెల్లెలికి జరిగింది ఇదే. ఏజెంటు మాట నమ్మి మా మరిది తన జీతం డబ్బుతో ఆమె పేరున ఫ్లాటు కొన్నాడు, అద్దె ఆమె రిటర్నులో చూపించాడు. 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్ల వివరాలు పన్ను శాఖకు వెళ్తాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంత డబ్బు మీకెక్కడిదని నోటీసు వచ్చింది, అదీ ఇంగ్లీషులో. తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన మనిషి ఫోన్ పట్టుకుని 'అక్కా, నన్ను అరెస్టు చేస్తారా' అని అడిగింది. పౌరులకు పంపే కాగితం వాళ్ల భాషలో ఉండాలన్న ఇంగితం ఏ శాఖకూ లేకపోయింది. ఆఖరికి ఆడిటరు ఫీజు, వడ్డీతో సహా పాత పన్ను కట్టి బయటపడ్డారు.

భర్త భార్యకు డబ్బిస్తే ఆ ఇచ్చిన సొమ్ము మీద ఆమెకు పన్ను లేదు. లెక్క చెప్పగలిగిన డబ్బుతో భార్య పేరున కొంటే బినామీ కూడా కాదు. జనం ఈ రెండూ విని, అద్దెకూ పన్ను లేదనుకుంటున్నారు. భార్య తన జీతంతోనో, పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బుతోనో, తన బంగారం అమ్మో కొంటే అద్దె నిజంగా ఆమెదే. ఇద్దరూ చెరికొంత పెడితే ఎవరి వాటా ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వెళ్లిందో కాగితం ఉండాలి. అసలు చెప్పాల్సిన ఈ విషయాలే మీ వ్యాసంలో లేవు. దాని కిందే అరపేజీ వెంచర్ ప్రకటన ఉంది. ఒకప్పుడు మీ పత్రికలో ప్రకటన ఏదో వార్త ఏదో చూడగానే తెలిసేది.

ముప్పై ఏళ్లు ఇంటిచాకిరీ చేసిన ఇల్లాలికి భర్త ఇల్లు రాసిస్తే, బదులుగా ఆమె ఇచ్చిన 'తగిన ప్రతిఫలం' లేదని దాని అద్దెనూ భర్త లెక్కలోనే వేస్తుంది చట్టం. దాని మీద రాయండి ఒక వ్యాసం, సంతోషిస్తాను.

ముందు మాత్రం వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఫీజుల బోర్డు పక్కన ఈ అద్దె సంగతి తెలుగులో రాయించమని జిల్లా రిజిస్ట్రార్ గారిని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కాకినాడ