రంగు చూసి కాదు, ఎండ చూసి ఎంచుకోండి

సంపాదకులకు,

విద్యుత్ కారు కొనేవాళ్లు బ్యాటరీ గురించి, రేంజ్ (ఒకసారి ఛార్జి చేస్తే నడిచే దూరం) గురించి గుచ్చిగుచ్చి అడుగుతారు. లోపలి సీట్ల దగ్గరికి వచ్చేసరికి షోరూమ్ ఏసీలో కూర్చుని, తెల్ల లెదరెట్ చూసి సరేననేస్తారు. మన ఎండలకు ఆ తొందర పనికిరాదు.

లెదరెట్ అంటే తోలు కాదు, బట్ట మీద ప్లాస్టిక్ పూత. గాలి ఆడదు, వీపు తడిసిపోతుంది. తెల్లదైతే తక్కువ వేడెక్కుతుంది, నిజమే. కానీ కొత్త జీన్స్ నీలిరంగు అంచులకు అంటుకుంటుంది, వెంటనే తుడవకపోతే వదలదు. అదనంగా డబ్బు పెట్టేదుంటే వెంటిలేటెడ్ సీట్లకే, అంటే లోపలి ఫ్యాన్లతో రంధ్రాల గుండా గాలి ఆడే సీట్లకే పెట్టండి. వాటి చిన్న ఫ్యాన్లు తినే కరెంటు ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. ఏసీ ఒకటి రెండు డిగ్రీలు పెంచుకున్నా హాయిగా ఉంటుంది, రేంజ్ కొంత మిగులుతుంది. అద్దాల పైకప్పు అందుకు పూర్తిగా వ్యతిరేకం. లోపల తెర లేకుంటే మే నెలలో నడినెత్తిన ఎండే.

ఇంకో పొరపాటు, ఇది ప్రమాదకరం కూడా. సీటు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. దాన్ని మూసేస్తూ బయట రెక్సిన్ కవర్లు వేయిస్తే ప్రమాద సమయంలో బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు. వెంటిలేషన్ రంధ్రాలూ మూసుకుపోతాయి.

పెద్ద బ్యాటరీని ఖరీదైన వేరియంట్లకే ముడిపెట్టడం కంపెనీలు మానుకోవాలి. రోజూ దూరం తిరిగేవాళ్లకు కావలసింది బ్యాటరీ, మెరిసే డ్యాష్‌బోర్డు కాదు.

– ఒక పాఠకుడు, విజయవాడ