నాన్నగారికి, హెల్సింకి నుంచి

హెల్సింకి,
గురువారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ అమ్మా కులాసా అని తలుస్తాను.

"బలమున్న దేశం జోలికి ఎవరూ రారు, నువ్వుంటున్న ఫిన్లాండే సాక్ష్యం" అని ఆదివారం అన్నారు. అది ఫోనులో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం. అమ్మ కూడా చదువుతుంది కాబట్టి ముందు తిండి సంగతి చెబుతాను. ఈ దేశం చరిత్ర కొంత నాకు అలాగే తెలిసింది.

ఇక్కడ గురువారం అంటే బఠాణీ సూపే. ఎండు బఠాణీలను పంది మాంసంతో చిక్కగా ఉడికిస్తారు, వెనకాల ఒక తీపి పాన్‌కేక్. సైనిక శిబిరాల్లోనూ గురువారం అదే వడ్డన. మర్నాడు శుక్రవారం ఉపవాసం కాబట్టి ముందురోజు కడుపునిండా తినే కేథలిక్కుల కాలం నాటి అలవాటంటారు. దేశం లూథరన్ అనే ప్రొటెస్టంట్ శాఖలోకి మారి అయిదు వందల ఏళ్లు కావస్తున్నా గురువారం మారలేదు. ఇక సల్మియాక్కి అని ఒక నల్ల మిఠాయి ఉంది. అతిమధురంలో అమ్మోనియం క్లోరైడ్ కలుపుతారు, అంటే కళాయి పూసేవాళ్లు వాడే నవాసాగరం! పిల్లలు దాన్ని ఇష్టంగా చప్పరిస్తారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ 2005లో బ్రిటన్ తిండిని వెక్కిరిస్తూ, అంతకంటే హీనం ఫిన్లాండ్ ఒక్కటే అన్నట్టు పత్రికల్లో వచ్చింది. అది అన్యాయం. ఆయన ఇక్కడి 'కరేలియా పై' అనే వంటకాన్ని మనసు పెట్టి తిని ఉండరు.

రై అనే ధాన్యం పిండిని పల్చగా ఒత్తి, మధ్యలో పాలలో ఉడికించిన అన్నం పెట్టి, కజ్జికాయ అంచులా నొక్కులు పెట్టి కాలుస్తారు. పైన వెన్నలో చిదిమిన ఉడికిన గుడ్డు. ఒకప్పుడు ఇది తూర్పున కరేలియా వాళ్ల వంట. ఇప్పుడు దేశంలో ఏ మూల దుకాణానికి వెళ్లినా దొరుకుతుంది. ఎలా వ్యాపించిందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు దాడి చేశాయి. అప్పటికి ఫిన్లాండ్ జనాభా దాదాపు 37 లక్షలు. సైన్యం ఉంది, సరిహద్దులో రక్షణ రేఖ ఉంది, మన్నర్‌హైమ్ వంటి సేనాని ఉన్నాడు. అయినా దాడి ఆగలేదు. 105 రోజులు పోరాడి, భూభాగంలో సుమారు పదోవంతు వదులుకుని సంధి చేసుకున్నారు. కరేలియాలోని వీపురి నగరం పోయింది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లు విడిచి వచ్చారు. వాళ్లను దేశమంతటా సర్దారు, వాళ్లతో పాటే ఆ వంటకం కూడా ఇంటింటికీ చేరింది.

కాబట్టి నాన్నగారూ, ఆ సైన్యం యుద్ధం రాకుండా ఆపలేదు. దేశం మొత్తం పోకుండా ఆపింది. ఈ రెండూ ఒకటి కావు, మన వాదనలో ఎప్పుడూ కలిసిపోయేవి ఇవే. ఇంకా పెద్ద సైన్యం ఉంటే దాడే జరిగేది కాదని మీరంటారు. పదిహేడు కోట్ల జనాభా ఉన్న పొరుగుదేశంతో ఎంతవరకు పోటీపడగలరు? మన సంగతే చూడండి. 1998 మేలో మనమూ పాకిస్తాన్ వాళ్లూ అణుపరీక్షలు చేశాం. అంతకంటే పెద్ద బలం ఏముంది? ఏడాది తిరిగేసరికి కార్గిల్ కొండల మీద యుద్ధం నడిచింది.

సోవియట్‌తో మళ్లీ మొదలైన యుద్ధం 1944లో ఓటమితో ముగిశాక వీళ్లు చేసిన పనుల మీద నాకు గౌరవం ఎక్కువ. సోవియట్‌కు కట్టాల్సిన 30 కోట్ల డాలర్ల నష్టపరిహారాన్ని ఓడలు, యంత్రాల రూపంలో 1952 నాటికి తీర్చేశారు. తమను ఓడించిన ఆ దేశంతోనే 1948లో స్నేహ ఒప్పందం చేసుకున్నారు. నోరు అదుపులో పెట్టుకుని బతకాల్సి వచ్చిందని, అది అవమానమేనని ఇక్కడి పెద్దవాళ్లు అంటారు. కానీ మళ్లీ యుద్ధం రాలేదు. 1975లో 35 దేశాల నాయకులను ఇదే ఊళ్లో ఒకచోట కూర్చోబెట్టి యూరప్ భద్రత ఒప్పందం మీద సంతకాలు చేయించారు. నిర్బంధ సైనిక శిక్షణ మాత్రం ఏనాడూ మానలేదు. మాటలు నడిచినంత కాలం వెనక తుపాకీ ఉంది, తుపాకీ ఉంది కదా అని మాటలు ఆపలేదు.

ఇంకొకటి. బడిపిల్లలందరికీ ఉచిత భోజనం పెట్టాలన్న చట్టం 1943లో, యుద్ధం మధ్యలో చేశారు. 1948 నుంచి దేశమంతా అమలైంది, పరిహారం కడుతున్న రోజుల్లోనే! రక్షణ ఖర్చు లెక్కగడితే నేను దీన్ని కూడా అందులో వేస్తాను. ఆకలితో ఉన్న పిల్లవాడికి కాపాడుకోవలసిన దేశం ఏం కనిపిస్తుంది?

ఇప్పుడు మళ్లీ భయం వచ్చింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద విరుచుకుపడటం చూసి, 2023 ఏప్రిల్ 4న వీళ్లు నాటో సైనిక కూటమిలో చేరారు. 1,340 కిలోమీటర్ల సరిహద్దు పక్కన బతికేవాళ్లను దానికి తప్పుపట్టలేను. ఊరి కింద రాయి తొలిచి కట్టిన ఆశ్రయాల్లో మామూలు రోజుల్లో ఈత కొలనులు, ఆటస్థలాలు నడుస్తాయి. అవసరమైతే 72 గంటల్లో ఖాళీ చేసి సిద్ధం చేయాలి. మా బాబు ఆడుకునేది కూడా అలాంటి చోటే. కాబట్టి సైన్యం వద్దని నేను అనడం లేదు. అదొక్కటే చాలన్న మాటతోనే నా పేచీ.

కార్గిల్ గురించి మీ జవాబు ఏమిటో తప్పకుండా రాయండి. అణ్వస్త్రాల వల్లే అది పెద్ద యుద్ధం కాలేదని మీరు అంటారని నాకు తెలుసు. అదే అయితే, మన పక్షాన ప్రాణాలిచ్చిన 500 మందికి పైగా జవాన్లను శాంతి లెక్కలో ఎక్కడ రాయాలో కూడా చెప్పండి.

మీ అమ్మాయి