వార్షిక నివేదిక 2024–25: ధర కట్టిన ఏడాది

మన బొమ్మ కార్ల సేకరణ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నెలకో ఆదివారం కలవాలని అనుకున్నాం. వానలకు రెండు, హాలు దొరక్క ఒకటి పోగా తొమ్మిదిసార్లు కలిశాం. మార్పిడులు, టీలు, సమోసాలు మామూలే. ఈ ఏడాది కొత్తగా జరిగింది ఒక్కటి: మనవి కాని కార్లకు మనం ధర కట్టాం.

ఆగస్టులో మన పాత సభ్యుడొకరు కాలం చేశారు. నెల తిరిగాక ఆయన భార్య ఫోన్ చేశారు. "మూడు పెట్టెల నిండా కార్లున్నాయి నాయనా. పాత సామాన్లవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. నలుగురం వెళ్లాం.

మేం వెళ్లేసరికే వాళ్ల మేనల్లుడు ఆన్‌లైన్‌లో వెతికి మొదటి పెట్టెలో కార్లన్నిటికీ చీటీలు అంటించేశాడు. ఐదు వేలు, పది వేలు. అవి అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. అడగడానికేం, ఎంతైనా అడుగుతారు. అమ్ముడైనవాటిని మాత్రమే వేరుచేసి చూపిస్తే, చాలావాటికి కొట్లో కొన్న ధరే పలకడం లేదు. అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుని ఒక హాట్ వీల్స్ (అమెరికా మ్యాటెల్ కంపెనీ చేసే చిన్న బొమ్మ కార్లు) కారు తిరగేసి, "అంకుల్, అడుగున 1998 అని ఉంది కదా, పాతికేళ్ల కారు!" అన్నాడు. కొత్త సభ్యులు కూడా ఇక్కడే పొరబడుతున్నారు కాబట్టి రాస్తున్నాను: అది ఆ మోడల్ అచ్చుకు సంబంధించిన సంవత్సరం. అదే అచ్చుతో పోసిన కారు నిన్న కొట్లోకి వచ్చినా అడుగున 1998 అనే ఉంటుంది. 2008 నుంచి అడుగున ఒక అక్షరం, పక్కన అంకెలు ముద్రిస్తున్నారు. అక్షరం తయారైన ఏడాదిని, అంకెలు వారాన్ని చెబుతాయి. చూడాల్సింది దాన్ని.

రెండో పెట్టె అంతా ఈమధ్యవే. వాటి సంగతి వదిలేద్దాం.

మూడోది బిస్కెట్ల రేకు డబ్బా. ప్యాకింగ్ లేని, రంగు పోయిన కార్లు. పాత సామాన్లవాడికి అసలు ఇచ్చేయబోయింది దీన్నే. అందులో అడుగున లియో అనే కంపెనీ పేరున్నవి దొరికాయి. మ్యాటెల్‌తో ఒప్పందం చేసుకుని మన దేశంలో చేసిన హాట్ వీల్స్ అవి. అమెరికాలో అమ్మని రంగుల్లో, స్టిక్కర్లతో వచ్చాయి కాబట్టి బయటి దేశాల కలెక్టర్లు వాటికోసం వెతుకుతారు. వాటి కింద ఒక నిక్కీ టాయ్స్ స్టాండర్డ్ హెరాల్డ్! ఇంగ్లండ్ డింకీ కంపెనీ అచ్చులతో కలకత్తాలో పోసిన కారు. నిజానికి ఆ అచ్చు ట్రయంఫ్ విటెస్ అనే వేరే కారుది. మన రోడ్ల మీద తిరిగేది మద్రాసులో చేసిన హెరాల్డ్ కాబట్టి ఆ పేరుతో అమ్మారు.

చేతిలోకి తీసుకుని చూస్తే బానెట్ మీద బియ్యపు గింజంత చోట రంగు వేరే ఎరుపులా ఉంది. "అది నా నెయిల్ పాలిషే. గీత పడిందని ఆయన పూసేశారు" అన్నారావిడ. రంగు దిద్దిన కారుకు ధర పడిపోతుంది. చెప్పడానికి నోరు రాలేదు కానీ చెప్పాం, చీటీలో తగ్గించే రాశాం. ఇంకో కారు ఒళ్లంతా సన్నటి బీటలు, తలుపు దగ్గర ఉబ్బు. జింక్ పెస్ట్. పోత లోహంలో సీసంలాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచాక ఇలా పొడిపొడి అవుతుంది. మందు లేదు. పక్క కార్లకు అంటుకోదు, భయం అక్కర్లేదు.

ఇక నా సొంత ఘనకార్యం. ప్యాకింగ్‌లో ఉన్న ఒక సూపర్ ట్రెజర్ హంట్‌ను (హాట్ వీల్స్ వాళ్లు మామూలు కార్ల మధ్య అరుదుగా కలిపి పంపే ప్రత్యేక కారు) ₹6,500కు కొన్నాను. మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు, కారు మీద ట్రెజర్ హంట్‌ను సూచించే టీహెచ్ గుర్తు, అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి ప్లాస్టిక్ బుడగ అంచును గోరుతో నొక్కితే కింద రెండో వరస జిగురు కనిపించింది. విప్పి తిరగేస్తే అడుగున రివెట్లు డ్రిల్ చేసి మళ్లీ అతికించిన ఆనవాళ్లు. మామూలు కారుకు రంగు, చక్రాలు మార్చి ప్యాక్ చేశారన్నమాట. అమ్మినవాడి ఫోన్ ఆ తర్వాత మోగలేదు. నష్టం నాదే, సంఘం ఖాతాలో రాయలేదు. అప్పట్నుంచి మన సమావేశాల్లో ₹3,000 దాటిన ఏ బేరమైనా ఇద్దరు భూతద్దంతో చూశాకే డబ్బు చేతులు మారాలని తీర్మానించాం. 1995లో తొలి ట్రెజర్ హంట్లు పన్నెండు మోడళ్లు, ఒక్కో మోడల్‌లో పదివేల కార్లు అని లెక్క చెప్పి మరీ అమ్మారు. ఇప్పటివాటికి ఆ లెక్క లేదు. మోసాలకు సందు దొరికేది అక్కడే.

విదేశాల నుంచి అందరం కలిసి తెప్పించుకునే ఆర్డర్ ఈసారీ మానుకున్నాం. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. పైన రవాణా ఖర్చు. ఎంత లెక్కేసినా గిట్టుబాటు కాలేదు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. ఆయన ఈ ఏడాదితో తప్పుకుంటున్నారు, ఆ కుర్చీకి ఇంతవరకు ఒక్కరూ పేరివ్వలేదు.

రేకు డబ్బాలోని కార్లకు సర్వసభ్య సమావేశం రోజున సభ్యుల మధ్య వేలంపాట పెడుతున్నాం. ఆవిడ ఒప్పుకున్నారు. వచ్చిన ప్రతి రూపాయి ఆవిడకే, సంఘానికి కమిషన్ లేదు. ధర కట్టిన నలుగురం మాత్రం పాటలో పాల్గొనకూడదని కమిటీ నిర్ణయం. హెరాల్డ్ కోసం రెండుసార్లు అప్పీలు చేసుకున్నాను, రెండుసార్లూ కొట్టేశారు.

— కార్యదర్శి