చుక్క చూపిస్తే చాలదు, ఎప్పటిదో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మల్కాజిగిరిలో మేముండే కాలనీ నుంచి 20 మందికి పైగా పిల్లలు ఒకే ప్రైవేటు స్కూలుకు ఒకే బస్సులో వెళ్తారు. వాళ్లలో మా మనవరాలు ఒకతె, మూడో తరగతి. స్కూలు వారు తల్లిదండ్రులందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించారు. అందులో బస్సు పసుపు చుక్కగా కనిపిస్తుంది. దాన్ని చూసుకుని పిల్లలకోసం వీధి చివరికి వెళ్తాం.

మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. 4.10కి ఆ చుక్క రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గర ఆగింది. 4.20కి అక్కడే ఉంది. 4.30కీ అక్కడే. గట్టి వాన పడితే హైదరాబాద్‌లో రైల్వే వంతెనల కింద నీళ్లు ఎలా నిలుస్తాయో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. డ్రైవరు ఫోను కలవలేదు. స్కూలు ఫోను ఎవరూ ఎత్తలేదు. పక్కింటి అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, ఇక నిలవలేక స్కూటరు తీసుకుని ఆ నీళ్లవైపు వెళ్లిపోయింది. మేము ఎంత చెప్పినా ఆగలేదు. 4.50కి బస్సు వచ్చింది, అదీ వెనకవైపు రోడ్డు నుంచి. నీళ్లు చూసి డ్రైవరు ముందే దారి మళ్లించాడట. పిల్లలంతా క్షేమం. బస్సు మా కళ్లెదుట నిలబడి ఉన్నా యాప్‌లో చుక్క మాత్రం అండర్ బ్రిడ్జి దగ్గరే ఉంది. ఆ తల్లి మోకాళ్లలోతు నీళ్లలో ఆగిపోయిన బండిని తోసుకుంటూ 5.30కి ఇల్లు చేరింది.

డ్రైవరును నేను తప్పుపట్టను, అతను తెలివైన పనే చేశాడు. వానలో ట్రాకర్‌కు సిగ్నల్ పోవడం కూడా అర్థం చేసుకోగలను. కానీ 40 నిమిషాల కిందటి సంగతిని ఇప్పటి సంగతిలా చూపించడం మాత్రం క్షమించరానిది. ‘ఈ స్థానం 4.10కి అందింది, ఆ తర్వాత సమాచారం లేదు’ అని చుక్క పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తల్లి నీళ్లలోకి వెళ్లేది కాదు.

టెలికాం రంగంలో 30 ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ని కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కదిలే వస్తువు ఎక్కడుందో అనుక్షణం ఎవరికీ తెలియదు. మీ జేబులోని ఫోను సంగతే చూడండి. దాన్ని వాడకుండా ఉన్నప్పుడు మీరు ఏ టవరు కింద ఉన్నారో నెట్‌వర్క్ క్షణక్షణమూ రాసుకోదు. కొన్ని టవర్లను కలిపి ఒక ప్రాంతంగా లెక్కేస్తుంది. ఆ ప్రాంతం దాటినప్పుడు ఫోను ‘ఇటు వచ్చాను’ అని కబురు పెడుతుంది. దాటకపోయినా గడువు ప్రకారం అప్పుడప్పుడూ పలకరిస్తుంది. మీకు కాల్ వచ్చినప్పుడు ఆ ప్రాంతంలోని టవర్లన్నీ ఒక్కసారి మీ ఫోనును పిలుస్తాయి. పల్లెల్లో పొలానికి వెళ్లే మనిషి ‘చెరువు కింద మడి దగ్గర ఉంటాను’ అని ఇంట్లో చెప్పి వెళ్తాడు. ఆయనతో పని పడితే ఎవరో ఒకరు చెరువుగట్టు ఎక్కి కేక వేస్తారు. ఏ గట్టుమీద కూర్చున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియనక్కర్లేదు, ఎటు వెళ్లాడో తెలిస్తే చాలు. మన మొబైల్ వ్యవస్థ మొదటినుంచీ నడిచింది ఈ పద్ధతిలోనే. తనకు ఎంతవరకు తెలుసో దానికి ఎప్పుడూ గుర్తుంటుంది.

స్కూలు బస్సులోని ట్రాకర్‌కు కూడా అది తెలుసు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం భూమిని చేరడానికి ఎంతసేపు పట్టిందో కొలిచి స్థానం లెక్కగడతారు. అంటే ఈ ఏర్పాటంతా గడియారాల మీదే నిలబడింది. అందుకే ట్రాకర్‌లోని జీపీఎస్ రిసీవర్ స్థానం తెలుపుతూ పంపే సందేశంలో అక్షాంశ రేఖాంశాలతోపాటు సమయమూ ఉంటుంది. ఆ లెక్క నమ్మదగినదా కాదా అని చెప్పే ఒక గుర్తు కూడా ఉంటుంది. ఇవన్నీ సర్వర్ దాకా చేరతాయి. తల్లిదండ్రుల ఫోనుకు వచ్చేసరికి సమయం మాయమై చుక్క ఒక్కటే మిగులుతోంది. ఉన్న సమాచారాన్ని దాచడమే ఇది. మరో మాట నాకు తోచడం లేదు.

సమయం ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చాలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు నిమిషంలో అర కిలోమీటరు సాగిపోతుంది. మూడు నిమిషాల పాత చుక్కను నమ్మి బయల్దేరితే ఒకటిన్నర కిలోమీటర్ల తేడా. స్థానం లెక్కలో వచ్చే పొరపాట్లు దీనిముందు చాలా చిన్నవి. గచ్చిబౌలి అద్దాల మేడలకు తగిలి ఉపగ్రహ సంకేతం సెకనులో కోటో వంతు ఆలస్యంగా చేరితే 30 మీటర్ల తేడా వస్తుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లే బండీ, దాని కింద రోడ్డున వెళ్లే బండీ మ్యాప్‌లో ఒకే గీతమీద కనిపిస్తాయి. వీటితో సర్దుకుపోగలం. వయసు చెప్పని చుక్కతో సర్దుకుపోలేం.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1990ల చివరలోనే చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఊరీ వోల్ఫ్‌సన్, ఆయన సహచరులు కదిలే వాహనాల సమాచారాన్ని ఎలా భద్రపరచాలో లోతుగా ఆలోచించారు. వాహనం ప్రతి సెకనూ కబురు పెడితే ఖర్చు ఎక్కువ. కనుక అది ఏ దారిన, ఏ వేగంతో వెళ్తోందో ఒకసారి చెబితే ఇక్కడి కంప్యూటర్ ఊహించుకుంటూ ఉంటుంది. ఊహకూ నిజానికీ తేడా హద్దు దాటినప్పుడే వాహనం మళ్లీ నోరు విప్పుతుంది. అయితే వాహనం మౌనంగా ఉంటే ఏమనుకోవాలి? అనుకున్నట్టే వెళ్తోందనా, సంబంధం తెగిందనా? పైకి రెండూ ఒకేలా ఉంటాయి. దానికి వాళ్లు చూపిన ఉపాయం చక్కనిది. సమయం గడిచేకొద్దీ ఆ హద్దును తగ్గించుకుంటూ పోతారు. అలా చేస్తే సంబంధం ఉన్న వాహనం ఎక్కువసేపు మౌనంగా ఉండలేదు. అప్పటికీ పలకకపోతే సంబంధం తెగినట్టే. పాతికేళ్ల కిందట ఆలోచించిపెట్టిన విషయం ఈనాటి యాప్‌లో ఎందుకు లేదని అడుగుతున్నాను.

బస్సులు, ట్యాక్సీల వంటి వాహనాలకు మన దేశంలో ఏఐఎస్-140 అనే ప్రమాణం ఉంది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు స్థానం తెలిపే పరికరం, ఆపద బటన్ ఉండాలని నిబంధన పెట్టారు. సిగ్నల్ లేనప్పుడు పరికరం సమాచారాన్ని దాచుకుని, సిగ్నల్ వచ్చాక పంపాలని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. మంచి ఏర్పాటే. కానీ దాని దృష్టి ప్రధానంగా పరికరం మీద, అది సర్వర్‌కు పంపే సమాచారం మీద ఉంది. చివరికి ఆ సమాచారాన్ని చూసి అడుగు వేసేది వీధిలో నిలబడ్డ తల్లి. ఆమె చేతిలోని తెరమీద ఏం కనిపించాలో కూడా ప్రభుత్వమే నిర్దేశించాలి.

స్కూలు బస్సు, రైలుపట్టాలు అన్న రెండు మాటలు పక్కపక్కన వింటే తెలంగాణలో ఎవరి గుండె అయినా ఝల్లుమంటుంది. 2014 జులై 24న మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొన్న ఉదయం మనమెవరం మరిచిపోలేదు. ఆ సాయంత్రం మా వీధిలో నిలబడ్డవాళ్లందరి మనసులోనూ అదే ఉంది, ఎవరూ పైకి అనలేదు. అలాంటి భయంతో చూస్తున్న కళ్లకు కదలని చుక్కను చూపించి ఊరుకోవడం క్రూరత్వం.

మరో విషయం. ఇదే యాప్‌లో గత నెల రోజులుగా బస్సు తిరిగిన దారులన్నీ గీతలుగా కనిపిస్తున్నాయి. ఏ బిడ్డ ఏ మూలమలుపు దగ్గర ఏ వేళకు దిగుతుందో దాన్ని చూసి ఎవరైనా చెప్పగలరు. అవసరం తీరాక వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. తల్లికి కావలసిన సమయాన్ని దాచి, ఎవరికీ అక్కరలేని పాత దారులను భద్రపరచడం ఏం పద్ధతి?

రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. ప్రతి ఏటా స్కూళ్లు తెరిచే ముందు బస్సులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేస్తారు, బ్రేకులు, టైర్లు, మంటలార్పే సిలిండరు చూస్తారు. అదే రోజు ట్రాకర్‌ను పది నిమిషాలు ఆపించి, తల్లిదండ్రుల ఫోనులో ఏం కనిపిస్తోందో చూడండి. రెండు నిమిషాలు దాటినా చుక్క రంగు మారకపోతే, చివరిసారి సమాచారం అందిన సమయం పెద్ద అక్షరాలతో, తెలుగులో కనిపించకపోతే ఆ యాప్‌ను అనుమతించకండి. ఇందుకు బస్సులో కొత్త పరికరం అక్కర్లేదు, సర్వర్‌లో ఉన్న సమయాన్ని తెరమీదకు తెస్తే సరిపోతుంది. సిటీ బస్సుకోసం స్టాపులో నిలబడ్డవాళ్లకూ, అంబులెన్సుకోసం గుమ్మంలో ఎదురుచూసేవాళ్లకూ చూపించే ప్రతి చుక్కకూ ఇదే నియమం పెట్టాలి. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైంది ఈ హైదరాబాద్‌లోనే. ఈ పనికీ ఇక్కడే నాంది పలకవచ్చు.

మా కాలనీ తల్లిదండ్రులు సంతకాలు చేసి స్కూలు యాజమాన్యానికి వినతిపత్రం ఇచ్చారు. యాప్ తయారుచేసినవారికి పంపామన్న జవాబు వచ్చింది. ఆ తర్వాత కబురు లేదు. ఈలోగా బస్సులో పిల్లలను చూసుకునే ఆయమ్మ ఫోను నంబరు అడిగి తీసుకున్నాం. మబ్బు పట్టిందంటే ఆమెకే ఫోను చేస్తున్నాం. ‘ఎక్కడున్నారమ్మా?’ అని అడిగితే, ‘ఇప్పుడే ఆనంద్‌బాగ్ దాటాం సార్’ అంటుంది.

– ఒక విశ్రాంత టెలికాం ఉద్యోగి, మల్కాజిగిరి, హైదరాబాద్