మీకు ఎంత తెలుసో అది కూడా మాకు చెప్పండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

డాక్టర్ టెడ్రోస్ అధనోమ్ గెబ్రియేసస్ గారికి,

నమస్కారం.

కోవిడ్ ఇక అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి కాదని 2023 మే 5న మీరు ప్రకటించారు. 2025 మేలో మీ సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. ఇలాంటిది మళ్ళీ వస్తే టీకాలు, మందులు అన్ని దేశాలకూ న్యాయంగా అందాలన్నది దాని ఉద్దేశం. చాలా అవసరమైన పని. కానీ టీకా ఊరిదాకా వచ్చాక దాన్ని వేయించుకోవడానికి మనిషి ముందుకు రావాలి కదా. ఆ మనిషి గురించే ఈ ఉత్తరం.

టీకా అంటే వెనకాడినవాళ్ళనీ, ఆంక్షలు పట్టించుకోనివాళ్ళనీ ఒకే గాటన కట్టి మూర్ఖులనీ స్వార్థపరులనీ తిట్టడం ఆ రోజుల్లో చాలా విన్నాం. టీకాలో చిప్ ఉందని, వేయించుకుంటే పిల్లలు పుట్టరని పుకార్లు పుట్టించినవాళ్ళను నేను సమర్థించను. ఆ అబద్ధాలు ప్రాణాలు తీశాయి. అయితే వాటిని నమ్మినవాళ్ళలో చాలామంది మొదట అధికారుల మాట విన్నవాళ్ళే. ఆ మాట మారుతూ వచ్చింది, ఎందుకు మారిందో వాళ్ళకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అక్కడ పడిన ఖాళీలోకే పుకార్లు దూరాయి.

మాస్కుల సంగతే తీసుకోండి. 2020 మొదట్లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మాస్కు అవసరం లేదని మీ సంస్థ చెప్పింది. ఆసుపత్రి సిబ్బందికే మాస్కులు చాలడం లేదు, వాళ్ళకు మిగల్చండి అని కూడా అంది. ఈ రెండూ వేర్వేరు విషయాలు. ఒకటి ఆధారం గురించి, రెండోది కొరత గురించి. రెంటినీ కలిపి చెప్పేసరికి జనానికి అర్థమైంది ఒక్కటే: మాస్కు వల్ల లాభం లేదు. జూన్ 5న సలహా మారింది. వ్యాధి బాగా వ్యాపిస్తున్నచోట, దూరం పాటించడం కుదరనప్పుడు అందరూ గుడ్డ మాస్కు పెట్టుకోవాలన్నారు. లక్షణాలు లేనివాళ్ళ నుంచి కూడా వైరస్ సోకుతుందని ఆలోపు తెలిసివచ్చింది కాబట్టి మార్పు సరైనదే. కానీ "మాకు నిన్న తెలియనిది ఇవాళ తెలిసింది, అందుకే మారుస్తున్నాం" అన్న ముక్క సామాన్యుడి చెవిన పడలేదు. నిన్న వద్దన్నారు, ఇవాళ పెట్టుకోమంటున్నారు, రేపు ఏమంటారో అన్న అనుమానమే మిగిలింది.

గాలి విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని 2020 మార్చి 28న మీ సంస్థ సోషల్ మీడియాలో ఖరారుగా ప్రకటించింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు ఆ వైఖరి మార్చుకోమని బహిరంగంగా కోరారు. లోపలి గదుల్లో గాలి ఆడటం ఎంత ముఖ్యమో చాలా దేశాల్లో ఆలస్యంగా గుర్తించారు. గాలి ద్వారా సోకే వ్యాధుల గురించి ఏ మాటలు వాడాలో నిపుణులందరితో ఒక ఒప్పందానికి వచ్చి మీ సంస్థ నివేదిక ఇచ్చేసరికి 2024 ఏప్రిల్ అయింది. ఈలోగా ఎంతమంది కిటికీలు బిగించుకుని, తలుపు గడియలూ బల్లలూ తుడుచుకుంటూ గడిపారు! వస్తువులను తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. అప్పటికి తుడవడం అలవాటైపోయింది, దాని వెనక టెన్షన్ కూడా. 2020 మార్చి నాటికి ఎవరికీ పూర్తిగా తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు అంత గట్టిగా చెప్పడమే నష్టం చేసింది.

ఆంక్షల గురించి ఎక్కువ రాయను, ఒక్కో దేశం కథ ఒక్కోటి. ఒక్కటి మాత్రం అన్నిచోట్లా నిజం. నియమం పెట్టినవాళ్ళే దాన్ని దాటితే జనం ఓర్చుకోరు. లాక్‌డౌన్ నియమాలు ఉల్లంఘించినందుకు 2022లో బ్రిటన్ ప్రధానమంత్రికే పోలీసులు జరిమానా వేశారు. అయినవాళ్ళ ఆఖరి చూపుకు కూడా వెళ్ళలేకపోయిన కుటుంబాలకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక టీకాలు. మొదటి ఏడాదిలోనే అవి ప్రపంచమంతటా సుమారు 1.98 కోట్ల మరణాలను ఆపాయని 2022లో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇంత మేలు చేసినదాని మీద ఇంత అనుమానం ఎందుకు మిగిలింది? నాకు తోచే కారణం ఒకటి: చేసిన మేలు కన్నా ఎక్కువ మేలు ముందే వాగ్దానం చేశారు. 2020 నాటి పరీక్షలు ముఖ్యంగా చూసింది, లక్షణాలతో జబ్బు పడకుండా టీకా ఎంత ఆపుతుందని. ఇంకొకరికి అంటించడాన్ని ఎంతవరకు ఆపుతుందన్నది అప్పటికి తేలలేదు. అయినా చాలా దేశాల నాయకులు టీకా వేసుకుంటే ఇక కోవిడ్ రాదన్నట్టే మాట్లాడారు. వైరస్ కొత్త రూపాలు డెల్టా వచ్చింది, ఒమిక్రాన్ వచ్చింది, టీకా వేయించుకున్నవాళ్ళకూ సోకింది. ప్రాణాపాయం నుంచి టీకా అప్పటికీ బాగానే కాపాడుతోంది. కానీ రెండు డోసులు వేయించుకుని మంచాన పడ్డ మనిషి ఆ లెక్క చూడడు. మోసపోయాననుకుంటాడు.

సైడ్ ఎఫెక్టుల దగ్గరా ఇదే వరస. ఆస్ట్రాజెనెకా టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని 2021 ఏప్రిల్‌లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ చెప్పింది. ఫైజర్, మోడర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత కొందరికి, ముఖ్యంగా యువకులకు, అరుదుగా గుండె కండరం వాపు రావడం కూడా నమోదైంది. ఇవి నిజాలే. కానీ వీటి గురించి అడిగిన తల్లిదండ్రులకు చాలాసార్లు జవాబు బదులు "టీకా వ్యతిరేకి" అన్న ముద్ర దొరికింది. అడగడం మానేసినవాళ్ళు నమ్మినట్టు కాదు. వాళ్ళు జవాబు కోసం ఇంకో చోటికి వెళ్ళారు.

ఇలాగే జరగాలని లేదు. డెన్మార్క్ 2021 ఏప్రిల్‌లో ఆస్ట్రాజెనెకా టీకాను పూర్తిగా ఆపేసి, ఎందుకు ఆపామో జనం ముందు పెట్టింది. అయినా యూరప్‌లో టీకాలు ఎక్కువగా వేయించుకున్న దేశాల్లో ఒకటిగానే నిలిచింది. డెన్మార్క్ పరిశోధకుడు మైకేల్ బాంగ్ పీటర్సన్ బృందం డెన్మార్క్‌లోనూ అమెరికాలోనూ చేసిన పరిశోధనలో, టీకా లోపాలను దాచకుండా చెబితే ఆ టీకా వేయించుకునే సుముఖత తగ్గుతుందనీ, ఆరోగ్య అధికారుల మీద నమ్మకం మాత్రం పెరుగుతుందనీ తేలింది. పైపైన ధైర్యం చెప్పి ఊరుకుంటే నమ్మకం తగ్గింది, సుముఖత మాత్రం పెరగలేదు.

నిజం చెబితే ముందు కొంత నష్టం ఉందని ఈ పరిశోధనే ఒప్పుకుంటోంది. రోజూ వేలమంది చనిపోతున్నప్పుడు ఆ నష్టం భరించమని అడగడం చిన్న విషయం కాదు. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే టీకా ఒక్కసారితో అయిపోయే పని కాదు. 2021లో 2.5 కోట్లమంది పిల్లలకు డీటీపీ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు) టీకా డోసులు పూర్తిగా అందలేదని, వాళ్ళలో ఎక్కువమందికి అసలే అందలేదని మీ సంస్థా యునిసెఫ్ కలిసి చెప్పాయి. యుద్ధాలు, ఆగిపోయిన సేవలు, తప్పుడు ప్రచారం, అన్నీ కారణాలే. తట్టు ఆగాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి. ఒక రోగం విషయంలో పోయిన నమ్మకం ఆ రోగం దగ్గరే ఆగదు.

నేను కోరేది కొత్త వ్యవస్థ కాదు. మీ సంస్థ డాక్టర్ల కోసం ఇచ్చే మార్గదర్శకాల్లో సిఫారసుల పక్కన ఆధారం ఎంత నమ్మదగినదో రాస్తారు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ అని. అదే సలహా జనానికి పోస్టరుగా, ప్రకటనగా వచ్చేసరికి ఆ ముక్క రాలిపోతుంది. దాన్ని రాలనివ్వకండి. "ఇది మాకు గట్టిగా తెలుసు", "ఇది జాగ్రత్త కోసం చెబుతున్నాం, నెలలో మళ్ళీ చూస్తాం" అని సులువైన భాషలో రాయండి. సలహా మారినప్పుడు పాతదాన్ని తీసేయకుండా, దేని స్థానంలో ఏది వచ్చిందో, ఎందుకో పక్కనే పెట్టండి. కొరత ఉంటే కొరత అనే చెప్పండి, మేం అర్థం చేసుకుంటాం.

మీ పదవీకాలం 2027 ఆగస్టుతో ముగుస్తుంది. ఈలోపే, రాబోయే ప్రపంచ ఆరోగ్య సభలో, ప్రజలకు ఇచ్చే ప్రతి ఆరోగ్య సలహాకూ ఈ పద్ధతి పాటిస్తామని సభ్యదేశాల మంత్రుల ముందు ప్రకటించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ సలహాలు పాటించిన, ఇకముందూ పాటించాలనుకునే ఒక పౌరురాలు