తల్లికి వందనం డబ్బులో మీరు కోసుకున్న 3,186 రూపాయల గురించి

బ్రాంచ్ మేనేజర్ గారికి,

2025 జూన్‌లో తల్లికి వందనం కింద మా పాప చదువుకని ప్రభుత్వం నా ఖాతాలో 13,000 వేసింది. అదే రోజు మీరు 3,186 కోసేశారు. పాస్‌బుక్‌లో జమ లైను కిందే ఉన్నాయి: మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ 2,700, దాని మీద జీఎస్టీ 486. మిగిలినదాంట్లోనే స్కూల్ ఆటోకి కట్టాలి, పాపకి కళ్లజోడు చేయించాలి.

ఈ ఖాతా నేను అడిగి తెరిచింది కాదు. అచ్యుతాపురంలో కుట్టు పనికి చేరినప్పుడు జీతం కోసం కంపెనీవాళ్లే తీయించారు, జీరో బ్యాలెన్స్ అన్నారు. పని మానేశాక జీతం పడట్లేదని మీరు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేసి పది వేలు ఉంచాలని పెట్టారట, నాకు ఒక మెసేజ్ లేదు, ఉత్తరం లేదు, కౌంటర్‌లో అడిగితే "సిస్టమ్ దానంతటదే కట్ చేస్తుందమ్మా, మా చేతుల్లో లేదు" అన్నారు. మరి ఎవరి చేతుల్లో ఉందండీ?

బ్యాలెన్స్ తగ్గితే ముందు ఖాతాదారుకి చెప్పాలి, నెల గడువివ్వాలి, ఈ చార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు అని రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరులోనే చెప్పింది. నా ఖాతా ఖాళీగా ఉన్నన్నాళ్లూ మీరు బాకీ రాసుకుంటూ వచ్చి, డబ్బు పడగానే పట్టుకున్నారు. పాస్‌బుక్‌లో మైనస్ కనిపించనంత మాత్రాన రూలు పాటించినట్టా?

పథకాల డబ్బు ఆధార్ చివరిగా లింకైన ఖాతాకే పోతుంది. ఆ ఖాతా ఏదో మాలాంటి చాలామందికి డబ్బు పడ్డాకే తెలుస్తుంది. అందుకని నా ఒక్కదాని డబ్బు వెనక్కిస్తే సరిపోదు. ప్రభుత్వం పిల్లల చదువుకని, పెన్షన్‌కని వేసే డబ్బులో పాత చార్జీలు పట్టుకోవడం ఆపమని మీ హెడ్డాఫీసుకి రాయండి. జీతం ఆగిన ఖాతాని మార్చేముందు ఆ మనిషికి ఫోన్ చేసి, జీరో బ్యాలెన్స్ ఖాతా కావాలా అని అడగండి. స్టేట్ బ్యాంకు ఈ చార్జీలు 2020లోనే తీసేసింది, కెనరా బ్యాంకు 2025 జూన్ నుంచి తీసేసింది. వాళ్లకి కుదిరింది మీకెందుకు కుదరదు?

నా 3,186 తిరిగి జమ చేయండి, ఖాతాని బేసిక్ సేవింగ్స్‌కి, అంటే జీరో బ్యాలెన్స్ ఖాతాకి మార్చండి, ఫిర్యాదు నంబరు ఇచ్చి జవాబు కాగితం మీద ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెడతాను. పాస్‌బుక్ పేజీ జిరాక్స్ దీంతో జతచేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు