చెరిపేసిన 14

మా చిన్నదాని విషయంలో ఆదుకున్నవాళ్ళకి ఎవరికి వాళ్ళకి చెబుతూనే ఉన్నాను గానీ తనివి తీరలేదు. అందుకే ఇలా అందరి ముందూ.

దానికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. పొద్దున్నే వాళ్ళ తాతయ్య చేతిలోంచి పేపరు లాక్కుని జిల్లా పేజీ గడగడా చదివేస్తుంది. స్కూల్లో మాత్రం గుణింతాలకే తడుముకుంటోందని కబురు. వేరే పిల్లతో పొరబడ్డారనుకున్నా.

గుట్టు పట్టింది పక్కింటి పిన్నిగారు. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. లెక్కల నోట్‌బుక్కు కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి "ఇటు చూడమ్మా" అన్నారు. 8+6 ఎదురుగా 12 అని ఉంది. దాని కింద, రబ్బరుతో చెరిపినా పోని పెన్సిల్ నొక్కుడు: 14. ఆ ఒక్క పేజీలోనే అలాంటివి నాలుగు. ఒప్పు చెరిపి తప్పు రాసుకుంది!

నేను చేసిన మొదటి పని కేకలేయడం. ఆపింది కూడా పిన్నిగారే. రెండు రాత్రులు పక్కలో వేసుకుని పడుకుంటే అప్పుడు చెప్పింది. యూకేజీలో దీన్ని నిలబెట్టి చదివించి, "చూసి నేర్చుకోండి" అనేవారట మిగతావాళ్ళని. ఆ తర్వాత లంచ్ బాక్సు దగ్గర దీని పక్కన ఎవరూ కూర్చోలేదట.

హన్మకొండ నుంచి రెండుసార్లు హైదరాబాదు తిరిగాం. తెలివితేటలు (ఐక్యూ) కొలిచే బినె–కామత్ పరీక్షలోనూ అదే బుద్ధి, తెలిసినవాటికీ "ఏమో" అంటుంది. సైకాలజిస్టు గారు అక్కడితో ఆపేసి, పులి–మేక ఆడించి పంపారు. రెండోసారి నోరు విప్పింది. అంకె ఎంతో అడక్కండి. "దీన్ని మిగతా పిల్లలకి కొలబద్ద చెయ్యకండి" అన్న ఆవిడ మాటే మాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇక ఇప్పటి క్లాసు టీచర్. 2020 జాతీయ విద్యా విధానంలో ఇలాంటి పిల్లల గురించి రాసి ఉందని ప్రింటు పట్టుకెళ్ళాను (నా తెలివి!). నవ్వి, "నలభై రెండు మందమ్మా నాకు" అన్నారు. అయినా వారం తిరక్కుండా వెనక బెంచీ దగ్గర ఒక అట్టపెట్టె వెలిసింది. పని ముగించినవాళ్ళు ఎవరైనా అందులోంచి పజిల్ చీటీ తీసుకోవచ్చు. ఆ 'ఎవరైనా'లోనే ఉంది కిటుకంతా. ఇప్పుడు ఆ పెట్టె చుట్టూ నలుగురు చేరుతున్నారు, మాది అందులో ఒకత్తి. మేడమ్, మీకు చేతులెత్తి దండం.

మొన్న నోట్‌బుక్కులో మళ్ళీ ఒక చెరుపు కనబడితే గుండె గుభేలుమంది. అడిగితే విసుక్కుంది: "అబ్బా, అది నిజంగానే తప్పు రాశానమ్మా!"